ఒంటికీ బట్టకూ నడుమ రెండంగుళాలు

ముందే ఒప్పుకుంటున్నాను, నాకు ఉన్నది ఉన్నట్టు చెప్పడం చేతకాదు. ఇరవై ఏళ్లు దర్జీ పని చేసిన చేయి ఇది. ఛాతీ ముప్పై ఆరు వస్తే ముప్పై ఎనిమిది రాసుకుని, లోపలి మడతలోకి ఇంకో అంగుళం వదిలి కత్తెర పెట్టడం అలవాటైంది. ఆ అలవాటు మాటలకూ అంటుకుంది. నేను నలభై అంటే మీరు పన్నెండు చేసుకోండి. ఇరవై మైళ్లంటే ఎనిమిది చాలు. ఎక్కువ వదిలిన బట్టను విప్పి లోపలికి కుట్టుకోవచ్చు, తక్కువ పడితే అతుకు వేయాలి. అందుకే నా కథల్లో అతుకులుండవు, మడతలుంటాయి. అసలు కల్పించింది ఏదో చివర్లో నేనే విప్పి చూపిస్తాను.

ఇంకో మాట. రాసేటప్పుడు నేను పుస్తకాల భాష తొడుక్కుంటాను. అది నాకు కొంచెం బిర్రుగానే, అంటే బిగుతుగానే ఉంటుంది. ఈ కథలో మాట్లాడేవాళ్లను మాత్రం వాళ్ల సొంత బట్టల్లోనే ఉంచాను.

ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు నా దగ్గరికి వచ్చి కాలర్ గురించి అడుగుతారు, ప్యాంటు కింది వెడల్పు గురించి అడుగుతారు. ఎండ గురించి ఒక్కడూ అడగడు. మా కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో దర్జీ దగ్గరికి వచ్చే మొదటి గిరాకీ ఎండ. రెండో గిరాకీ చలి. మనిషి మూడోవాడు. ఈ వరస తప్పితే ఏమవుతుందో నాకు తెలుసు, ఎందుకంటే ఒకసారి తప్పింది.

ఊది చూసే ఉస్తాద్

పోలీస్ యాక్షన్ అయిన మరుసటేడు సుల్తానాబాద్ నుంచి కరీంనగర్ పోయి ఖాసిం ఉస్తాద్ దగ్గర చేరాను. దుకాణం ఎంత చిన్నదంటే ఉస్తాద్ తుమ్మితే మిషన్ దానంతట అదే నాలుగు కుట్లు వేసేది. పైన రేకులు. మే నెలలో బొగ్గుల ఇస్త్రీపెట్టెను ఆ రేకుల మీద తిరగేసి పెట్టి, మధ్యాహ్నం దాని అడుగుభాగాన కోడిగుడ్డు పగలగొడితే బొగ్గు లేకుండానే ఉడికేది. నేను తిన్నాను. కొంచెం నూలు వాసన వచ్చింది.

ఉస్తాద్ గిరాకీని చూసేవాడు కాదు, ముందు బట్టను చూసేవాడు. గుడ్డ ఒక పొరను నోటి ముందు పట్టుకుని, అవతల ఎడమ చేతి వెనకవైపు ఆనించి, ఫూ అని ఊదేవాడు. ఊపిరి చేతికి తగిలితే "గర్మీ బట్ట" అని ఒక దిక్కు పెట్టేవాడు. తగలకపోతే "సర్దీ బట్ట" అని ఇంకో దిక్కు. తగిలీ తగలనట్టుంటే పెదవి విరిచేవాడు.

"ఇది షాదీ బట్ట బేటా. ఏ మౌసంల తొడిగినా పరేషానే."

తర్వాత వేలు నీళ్లలో ముంచి ఒక బొట్టు ఆ గుడ్డ మీద వేసేవాడు. బొట్టు వెంటనే పరుచుకుంటే ఆ బట్ట చెమట తాగుతుంది. ముత్యంలా నిలబడితే తాగదు. "చెమట యాడికి పోతది మల్ల? నీ పెయ్యి మీదనే కూసుంటది, చుట్టం లెక్క" అనేవాడు. పెయ్యి అంటే మా దిక్కు ఒళ్లు. సిరిసిల్ల దిక్కు మగ్గం మీద నేసిన బట్ట మీద బొట్టు పడిందో లేదో కనబడేది కాదు. అంత దాహం దానికి.

కొలతలు తీయడం ఇంకో తమాషా. గిరాకీని నిటారుగా నిలబెట్టి కొలిస్తే ఉస్తాద్ టేపు గుంజుకునేవాడు. చేతులు పైకెత్తించి, కూర్చోబెట్టి, వంగబెట్టి, గట్టిగా ఊపిరి పీల్పించి కొలవాలి. ఒక పటేల్‌కైతే కొలత మధ్యలో ఇంటి నుంచి పళ్లెం తెప్పించి, భోజనం చేయించి, తేన్పు వచ్చాక నడుము కొలిచాడు. ఆ అంగీ పదేళ్లు వేసుకున్నాడాయన.

కుట్టిన తర్వాత పరీక్ష పిడికిలితో. చంక కింద ఉస్తాద్ పిడికిలి పట్టాలి. అక్కడ ఒక నాలుగు పలకల ముక్క వేయించేవాడు, దాన్ని బగల్ ముక్క అనేవాడు. అది ఉంటే చేయి లేపినప్పుడు అంగీ మొత్తం పైకి రాదు, గాలి ఆడుతుంది.

"పెయ్యికి బట్టకు నడుమ రెండంగుళాలు విడువాలె బేటా" అనేవాడు. "గా రెండంగుళాలు నీయి గావు, గిరాకీవి గావు. గాలివి. గాలి జాగ మనం కబ్జా చేయొద్దు."

"మరి చలికాలం ఎట్ల ఉస్తాద్?" అని అడిగాను.

"చలికాలం గూడ గదే గాలి. మెడకాడ, ముంజేతుల కాడ మూసేయి. లోపటి గాలి పెయ్యి వేడికి వెచ్చబడి పిల్లి లెక్క ముడుచుకొని పంటది. గొంగడి కప్పుకున్నోణ్ని చూడు. గొంగడి వానికి అతుక్కొని ఉంటదా? లేదు గదా. ఎండకాలం తలుపులు తెరువు, చలికాలం మూయి. ఇల్లు మాత్రం ఇరుకు చేయకు."

నేను చదివిన చదువు మొత్తం ఇంతే. ఇంకా ఎక్కువ చెప్పేవాళ్లుంటే వినండి, కానీ ఇది మరచిపోకండి.

పెద్దపల్లి దగ్గర క్రైస్తవుల గుడి పాస్టరు గారు ఒకసారి నల్లకోటు కుట్టించుకున్నారు, బిడ్డ పెండ్లి ఏప్రిల్‌లో అని. నేను లోపల నిండా అస్తరు గుడ్డ వేశాను, భుజాల నుంచి కింది దాకా, దర్జాగా. ఉస్తాద్ చూసి వీపు మీది అస్తరు మొత్తం విప్పించాడు. "ముందర చూసేటోళ్లకు ముందర ఉండనియ్యి. ఎనుక ఆయనకు ఊపిరి ఉండనియ్యి" అన్నాడు. పెండ్లయ్యాక పాస్టరు గారు దుకాణానికి వచ్చారు.

"ఉస్తాద్, పాత కోటు తొడుక్కుంటే నరకం మీద ప్రసంగం నాలుగు మాటలల్ల అయిపోయేది. చెమటలు చూసే జనం నమ్మేటోళ్లు. గీ కోటుల నరకం యాదికొస్తలేదు. మొన్న గంటన్నర చెప్పిన."

"మాఫ్ చేయుండ్రి సాబ్" అన్నాడు ఉస్తాద్. "జనం తరఫు నుంచి."

ఉస్తాద్ కంటే పెద్దవాణ్ననుకున్న రోజులు

ఆంధ్రప్రదేశ్ ఏర్పడే నాటికి నాకు సొంత మిషన్, సొంత గిరాకీ, వాటికంటే రెండింతల గర్వం వచ్చాయి. ఆ రోజుల్లోనే ఉట్నూర్ దిక్కు అడవి పనులు చూసే ఒక దఫ్తరు నుంచి కబురొచ్చింది. ఏ దఫ్తరో పేరు చెప్పను. అడవికి కాపలా ఉండే నలభై మంది వాచర్లకు ఖాకీ బట్టలు కుట్టాలి. (పన్నెండు చేసుకున్నారు కదా?) చేతిమిషన్ ఒళ్లో పెట్టుకుని జీపులో పోయాను. రోడ్డు ఎంత బాగుందంటే, దిగేసరికి మిషన్ నన్ను ఒళ్లో పెట్టుకుని ఉంది.

అక్కడి దొర కొత్తగా వచ్చినవాడు. ఎక్కడో చల్లని కొండల మీద తర్ఫీదు పొందాడట. చెడ్డవాడు కాదు, కానీ బట్ట మడత పడితే ఆయనకు కడుపునొప్పి వచ్చేది. ఆయన పరీక్ష మా ఉస్తాద్ పరీక్షకు సరిగ్గా తలకిందులు. అంగీ తొడిగిన మనిషి చుట్టూ తిరుగుతూ రెండు వేళ్లతో గిల్లేవాడు. వేళ్లకు బట్ట దొరికితే "ఫెయిల్" అనేవాడు. చర్మం దొరికితే "శభాష్".

గుడ్డ మందపాటి ఖాకీ డ్రిల్లు. నేను ఊది చూడలేదు. ఊదితే ఏం తేలుతుందో తెలుసు కాబట్టే ఊదలేదు. జనవరి నెల, పొద్దున్నే. ఉట్నూర్ చలిలో మా మాటలు గడ్డకట్టి కింద పడుతుంటే ఏరుకుని చదువుకుంటున్నాం. వాచర్లు దొర ముందు కడుపులు లోపలికి గుంజుకుని, ఊపిరి బిగబట్టి, కర్రల్లా నిలబడ్డారు. అలా నిలబడ్డవాళ్లనే కొలిచాను. జనవరిలో, ఊపిరి తీయని మనుషులను కొలిచి, మే నెలలో అడవిలో నడిచే మనుషులకు బట్టలు కుట్టాను. రెండంగుళాలు వదల్లేదు. బగల్ ముక్క వేయలేదు. దొర శభాష్ అంటాడని.

ఆ వాచర్లలో పోచయ్య ఒకడు. బక్కగా, పొడుగ్గా ఉండేవాడు, నోరు ఊరుకునేది కాదు. ఏడాదంతా కాపలా, ఎండకాలం అడవిలో అగ్గి అంటుకోకుండా చూసే పని వాడిది. అయిదు ఎండకాలాలుగా చేస్తున్నా ఇంకా పర్మినెంటు కాలేదు. అంగీ తొడిగి చూసి మెల్లగా నా దగ్గరికి వచ్చాడు.

"అన్నా, జర బిర్రుగున్నది. చెయ్యి లేపితే ఊపిరి ఆగుతున్నది."

"నీకు చెయ్యి లేపే పనేముందిరా? సలాం కొట్టనీకి మోచేయి దాక లేస్తె సాలదా?" అన్నాను.

"అడివిల సలాం ఎవలకు కొట్టాలె అన్నా? ఎలుగుబంటికా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. "గదే ఫిట్టింగ్ తమ్మీ" అని వాడి వీపు తట్టి పంపించాను. వీపు మీద చేయి వేస్తే బట్ట కింద ఎముకలు లెక్కపెట్టగలిగాను. అప్పుడైనా ఉస్తాద్ యాదికి రావలసింది.

దీనికి తోడు గంజి. మన దిక్కు గంజి పెట్టని బట్ట ఉతికినట్టే లెక్క కాదు కదా. దొరకు ఈ అలవాటు మహా నచ్చింది. కాలరుకే కాదు, మొత్తం అంగీకి, ప్యాంటుకు, చిక్కగా, అన్నం గంజి పెట్టి ఇస్త్రీ చేయాలని హుకుం. ఆ ప్యాంటును గోడకు ఆనిస్తే మనిషి లేకుండానే డ్యూటీ చేసేది. ఒకరోజు దొర దాన్నే "పేరేంటి?" అని అడిగాడని చెప్పుకున్నారు. డ్రిల్లులో ఉన్న చిన్న చిన్న సందులు కూడా గంజితో పూడిపోయాయి. ఎండలో చెమట పడితే ఆ గంజి మళ్లీ ఉడికి, బట్ట ఒంటికి అతుక్కునేది.

కాగితాలు అంటించే జిగురు మనం దేనితో చేస్తామో అందరికీ తెలుసు. ఆ జిగురు పూసి మనుషులను అడవికి పంపించాం.

మే నెల పరీక్ష

మే నెలలో దొర ఇంకో హుకుం జారీ చేశాడు. అగ్గి పాకకుండా అడవిలో చదును చేసి ఉంచే బాట ఒకటి ఉంటుంది. ఆ బాట వెంబడి పట్టపగలు వాచర్లందరూ పూర్తి ఖాకీ బట్టల్లో నడవాలి. నడవలేనివాళ్ల పేర్లు కొట్టేస్తారు. పోచయ్య ఇంట్లో ఆ ఒక్క ఉద్యోగమే పొయ్యి వెలిగిస్తున్నది. వాడి భార్య రాజవ్వ అదే బాట మీద ఎండుటాకులు ఊడ్చి, పొదలు కోసే కూలి. అది నాలుగు నెలల పని. మిగతా ఏడాదంతా పోచయ్య జీతమే.

జీపు డ్రైవర్ల బట్టలు సరిచేయడానికి నేనూ ఆ రోజు అక్కడే ఉన్నాను. ఇరవై మైళ్ల నడక. (ఎనిమిది.) ఎండ ఎలా ఉందంటే మా నీడలు కూడా మమ్మల్ని వదిలి చెట్ల కిందికి పోయాయి. దొర జీపులో, మేం వెనక.

చివరి మలుపు దగ్గర పోచయ్య మాట్లాడటం ఆపేశాడు. అప్పుడే నాకు మొదట భయమేసింది. వాడు నిద్రలో కూడా మాట్లాడే మనిషి. మొహం కందగడ్డ రంగుకు వచ్చింది. రెండడుగులు పక్కకు వేసి, చేయి పైకెత్తబోయాడు. చేయి లేవలేదు. అలాగే సోయి తప్పి పడిపోయాడు.

ఆకులు ఊడుస్తున్న రాజవ్వ పరుగెత్తుకొచ్చింది. గుండీలు విప్పబోతే రావు, గంజి తడిసి కాజాలు బిగుసుకుపోయాయి. నడుముకున్న కొడవలి తీసి, చంక కింద పెట్టి, ఒక్క గుంజు గుంజింది. అంగీ పక్క పొడుగునా చీలింది. మిగతాది ఒలిచి పారేసి, నీడకు లాక్కుపోయి, మెడ మీద, చంకల్లో తడిగుడ్డ పెట్టి, కొంగుతో విసిరింది. కొంతసేపటికి పోచయ్య కళ్లు తెరిచాడు.

దొర జీపు దిగి చూశాడు. తర్వాత పక్కనున్న గుమాస్తాతో అన్నాడు.

"ఇంత బలహీనుడు అడవిలో దేనికి పనికొస్తాడు? ఇవ్వాళే వీడి పేరు కొట్టెయ్యండి."

గుమాస్తా కలం తీశాడు. అప్పుడు నేను ముందుకొచ్చాను. కింద పడి ఉన్న ఆ అంగీని రెండు చేతులతో లేపి, వీపు భాగాన్ని గుంటలా పట్టుకుని, కూలీల నీళ్ల కుండలోంచి చెంబెడు నీళ్లు ముంచి అందులో పోశాను. నీళ్లు కిందికి కారలేదు. డ్రిల్లు, గంజి, చెమట కలిసిన ఆ గుడ్డలో నీళ్లు అలాగే నిలబడ్డాయి. అందులో దొర మొహం కనబడింది.

"ఇది అంగి గాదు దొరా" అన్నాను. "గిన్నె. గిండ్ల పెట్టి ఉడికిస్తే గట్టోడు గూడ ఉడుకుతడు."

"ఎవరు కుట్టారు దీన్ని?" అన్నాడు దొర.

"నేనే. తప్పు పోచయ్య పెయ్యిల లేదు, నా కత్తెరల ఉన్నది" అన్నాను.

దొర జీపు ఎక్కకుండా తన బిర్రు కోటులోనే బాట పక్కన తర్వాతి హద్దురాయి దాకా నడిచి, తిరిగి వచ్చాడు. వచ్చేసరికి మెడ దగ్గర రెండు గుండీలు తెరిచి ఉన్నాయి. గుమాస్తా చేతిలోంచి కలం తీసుకుని మూత పెట్టి ఇచ్చాడు.

"పేరు ఉండనివ్వండి. బట్టలు విప్పి మళ్లీ కుట్టించండి."

నాలుగు రోజులు ఉట్నూర్‌లోనే కూర్చుని అన్ని అంగీలూ విప్పాను. మడతల్లో దాచిన గుడ్డంతా బయటికి తీశాను. చంకల కింద ముక్కలు వేశాను, వీపు మీద మడత ఇచ్చాను. గంజి కాలరుకు మాత్రమే, అదీ పలచగా అని చాకలివాళ్లకు దొర చేతనే చెప్పించాను. ఈసారి పోచయ్యను ముందుగా చెట్టెక్కించి, దిగాక కొలిచాను.

"ఇప్పుడు ఎలుగుబంటి వస్తె రెండు చేతుల సలాం కొడ్త అన్నా" అన్నాడు.

దొర అలవాటు కొద్దీ వాడి భుజం దగ్గర గిల్లాడు. పిడికెడు బట్ట చేతికొచ్చింది. వదిలేసి ముందుకు పోయాడు. పోచయ్య ఆ తర్వాత చాలా ఎండకాలాలు అదే బాట మీద నడిచాడు.

కొత్త బట్ట వచ్చాక

ఆ తర్వాత టెరిలిన్ వచ్చింది. పెద్దపల్లిలో ఒక బడిపంతులు మొట్టమొదట టెరిలిన్ అంగీ తొడుక్కుని వచ్చిన రోజు ఊరంతా ఆయన వెనక నడిచింది. మడత పడదు, ఇస్త్రీ వద్దు. పదిహేను రోజులకు ఆయన నా దుకాణంలో తలుపు మూయించి, అంగీ విప్పి చూపించారు. వీపు నిండా చెమటకాయలు. ఆకాశంలో చుక్కలు నయం.

ఆ గుడ్డ మీద బొట్టు వేసి చూడండి. ముత్యం నిలబడుతుంది. నేను టెరిలిన్‌కు శత్రువును కాను. కావాలన్నవాడికి కుట్టి ఇవ్వండి. కాని లోపల నూలు బనీను వేసుకోమని చెప్పండి, వదులు ఇంకో అంగుళం పెంచండి, చేతులు పొట్టిగా పెట్టండి. ఫోటో దిగేటప్పుడు బిర్రుగా కావాలని అడిగితే, వీపు వెనక గుండుసూదులు పెట్టి దిగమనండి. ఫోటో ఒక్క నిమిషం, ఎండ నాలుగు నెలలు.

అద్దం ముందు నిలబడ్డ గిరాకీ "ఇంకా జర లోపటికి తియ్యి" అంటాడు. దర్జీకి అంతకంటే తీపి మాట లేదు, తన పనితనం చూపించుకోవచ్చు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు బట్ట కింది ఎముకలు చేతికి తగులుతాయి.

విప్పి చూపిస్తానన్న మడత

మాట ఇచ్చాను కాబట్టి చెప్పాలి. నలభై మందినీ, ఇరవై మైళ్లనూ మీరే తగ్గించుకున్నారు. గడ్డకట్టిన మాటలు, చెట్ల కిందికి పోయిన నీడలు మీరు ఎలాగూ నమ్మలేదు. కోడిగుడ్డు సంగతి మాత్రం నిజం.

నేను నిజంగా కల్పించింది ఒక్కటే. ఆ రోజు దొర ముందుకు వచ్చింది నేను కాదు.

నేను జీపు వెనక ఉన్నాను. గుమాస్తా కలం తీయగానే మెడలో ఉన్న టేపు తీసి జేబులో దాచుకున్నాను, దర్జీనని ఎవరికీ గుర్తు రాకూడదని. అంగీని లేపి పట్టుకున్నది రాజవ్వ. నీళ్లు పోసింది రాజవ్వ. అంగి కాదు గిన్నె అన్న మాట ఆమెది. ఇన్నేళ్లుగా ప్రతి దుకాణంలో, ప్రతి పెండ్లిలో నాదని చెప్పుకుంటూ తిరిగాను.

దొర "ఎవరు కుట్టారు దీన్ని?" అని అడిగింది నిజమే. బట్టను గిల్లి చూసేవాడే కాని, కుట్టినవాడి మొహం ఆయన గుర్తు పెట్టుకోలేదు. అప్పుడు రాజవ్వ జీపు వెనక ఉన్న నా దిక్కు చూసింది. మా కళ్లు కలిశాయి. తర్వాత దొర వైపు తిరిగింది.

"ఎవలు కుడితే ఏంది దొరా? గిట్ల కుట్టుమన్నది ఎవలు?" అన్నది.

దొర అడిగింది నా పేరు. ఆమె ఇవ్వలేదు. ఇచ్చి ఉంటే దొర తప్పంతా నా మీద వేసి, పోచయ్య పేరు కొట్టేసి, జీపెక్కి పోయేవాడని ఇప్పుడు అనిపిస్తుంది. పేరు రాకపోవడంతో ఆ ప్రశ్న ఆయన దగ్గరే ఆగిపోయింది. అందుకే రాయి దాకా నడిచాడు.

అందరూ పోయాక ఆ అంగీని నేను ఏరుకున్నాను. ఒళ్లో పరిచి ఆ చీలికను చూశాను. ఉస్తాద్ బగల్ ముక్క ఎక్కడ వేయమనేవాడో, రాజవ్వ కొడవలి సరిగ్గా అక్కడే మొదలైంది. ఆమెకు ఉస్తాద్ తెలియదు. మొగుడికి ఊపిరి ఎక్కడ ఆగుతోందో తెలుసు. జేబులోంచి టేపు తీసి, ఆ చీలిక ఎంత తెరుచుకుందో కొలిచాను.

రెండంగుళాలు. ఈ కొలతకు మాత్రం నేనేమీ కలపలేదు.